ఏపుగా ఎదిగిన సదస్సు

ప్రతి సందుకీ ఒక అంతర్జాతీయ సదస్సు ఉండాలి. కుళాయి లేకపోయినా సర్దుకోవచ్చు, వీధిదీపం లేకపోయినా తడుముకోవచ్చు. సదస్సు లేని సందు మాత్రం సందే కాదు!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. జావా దీవిలో మా సలతిగ ఊళ్లో, విశ్వవిద్యాలయం వెనక గోడకి ఆనుకుని ఉన్న మా సందుకి ఆ భాగ్యం పట్టింది. దాని పూర్తి పేరు ఇండోనేసియా అధ్యయనాల అంతర్విభాగ అంతర్జాతీయ వార్షిక సదస్సు. ఆ పేరు మొత్తం పలికేలోపు మా పాప ఒక పక్క పాలు తాగేసి రెండో పక్కకి తిరుగుతుంది. అందుకే మేం ‘సదస్సు’ అని ఊరుకుంటాం. ఏటా వచ్చి, మేపించుకుని, ఇంట్లో ఉన్న ఒక్క మంచమూ ఆక్రమించే అల్లుణ్ణి పేరు పెట్టి పిలుస్తామా?

ఇది పుట్టినప్పుడు మీరు చూడాల్సింది. ఒక క్లాసురూములో పుట్టింది. పాపం, పురిట్లోనే నీరసం. మనుషుల కంటే కుర్చీలెక్కువ. తినేవాళ్లు లేక టిఫిను డబ్బాలు మిగిలిపోతే మా సందులో పంచారు. అట్టపెట్టెలో అరిటాకు చుట్టిన జిగురన్నం ముద్ద, నూనె కారే కజ్జికాయ, సీలు వేసిన గ్లాసులో నీళ్లు. ఆ ఏడు సదస్సంటే ఎంత ప్రేమ మాకు! వచ్చే ఏడు కూడా ఎవరూ రాకూడదని మొక్కుకున్నాం.

మొక్కు ఫలించలేదు. మరుసటి ఏడు క్లాసురూము చాలక ఆడిటోరియంలోకి పాకింది. ఆ తర్వాత ఆడిటోరియం దాటి హోటల్లో అడుగులేసింది. ఇప్పుడు హోటలూ బిగుతైపోయి, వెనక గోడ దూకి మా సందులోకొచ్చింది. పిల్లలు ఎదగాలని మనం ఆవుపాలనీ, కోడిగుడ్లనీ ఎన్ని పాట్లు పడతాం? దీనికి ఏం పెట్టారోగాని, వద్దన్నా ఎదుగుతోంది!

దాని ఎదుగుదల చూడాలంటే ఫ్లెక్సీ చూడాలి. మొదట ఒక కిటికీ అంత. తర్వాత గోడంత. ఈ ఏడు ఫ్లెక్సీ మా సందు పేరుబోర్డుని మింగేసింది. మా అత్తగారి తరఫు చుట్టాలు బస్సు దిగి, బోర్డు కనిపించక, సందు మొదట్లోనే తచ్చాడి వెనక్కి వెళ్లిపోయారు. ఇంతకంటే మేలు ఏ దేవుడు చేశాడు నాకు?

అంతర్విభాగం అంటే ఏమిటో నాకు మొదట అర్థం కాలేదు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినదాన్ని, ఎలా అవుతుంది? చూశాక అయింది. భూకంపాలాయన మాట్లాడుతుంటే నాట్యాలావిడ కునికిపాట్లు పడుతుంది. నాట్యాలావిడ మాట్లాడుతుంటే దోమలాయన గుర్రు పెడతాడు. దోమలాయన మాట్లాడుతుంటే మాత్రం అందరూ మెలకువగా ఉంటారు, దోమలు కుడుతున్నాయి కనుక. అన్ని విభాగాలూ ఇలా ఒకరినొకరు నిద్రపుచ్చుకోవడం ఎంత సఖ్యత! మా తోడికోడళ్లలో ఉందా ఇది?

పైగా వాళ్లందరి అభిమాన విషయం మేమే. మేం అన్నం చేత్తో ఎందుకు తింటామో ఒకాయనకి తెలుసు. మేం కోపం పైకి ఎందుకు చూపించమో ఒకావిడకి తెలుసు. బాత్రూం ఎక్కడుందో మాత్రం ఎవరికీ తెలియదు, మా తలుపు కొట్టి అడుగుతారు. కాదంటామా? మేం కోపం పైకి చూపించం అని ఆవిడ రాసేసింది కదా!

వరి మీద మాట్లాడినవాళ్లు బ్రెడ్డు తిన్నారు. ట్రాఫిక్కు మీద మాట్లాడినవాళ్ల కార్లు మా సందుకి అడ్డంగా నిలబడ్డాయి. పల్లెల్లో ప్రశాంతత గురించి ఒకాయన మైకు పెట్టుకుని ఎంత గట్టిగా చెప్పాడంటే, మా ఎదురింటి కోడి ఆ రోజు నుంచి గుడ్డు పెట్టలేదు.

మా పాప వెనింగ్ మాత్రం ఆ ప్రసంగాలకి హాయిగా నిద్రపోయింది. నా జోలపాటకి గుక్కపట్టి ఏడ్చేది, ‘ప్రపంచీకరణ నేపథ్యంలో’ అని గోడ అవతల వినబడగానే కళ్లు మూసేది. నిద్రపోతున్నంతసేపూ నేను దాని కాలి పిక్క పట్టి చూసేదాన్ని, నిన్నటికంటే ఒక పిసరైనా బొద్దుగా అయిందేమోనని.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా సందులో ఒక హాలుంది. పెళ్లిళ్ల గిన్నెలూ, చాపలూ అందులోనే. నెలకోసారి నర్సమ్మ ప్రతివి గారొచ్చి పిల్లల బరువు చూసేదీ అందులోనే. హాలు దూలానికి ఒక ఇనుప కొక్కెం. ఆ కొక్కేనికి కాటా తగిలించి, కాటాకి గుడ్డ లాగు తగిలించి, అందులో పిల్లల్ని కూర్చోబెడతారు. పిల్లలు గాల్లో వేలాడుతూ కెవ్వుమంటారు, ముల్లు ఊగుతుంది, తల్లులం ఊపిరి బిగబట్టి ముల్లునే చూస్తాం. దేవుడి ఎదుట కూడా నేనంత శ్రద్ధగా నిలబడను.

పోయిన నెల వెనింగ్‌ని వేలాడదీస్తే ముల్లు అంతకుముందు నెల ఉన్నచోటే ఆగింది.

"వచ్చే నెల తప్పకుండా తీసుకురా అమ్మాయ్," అన్నారు నర్సమ్మ. "అప్పుడూ కదలకపోతే ఆసుపత్రికి తీసుకెళ్దాం. అంతకుమించి ఆలస్యం చెయ్యకూడదు."

"దానికేం జబ్బు లేదు," అంది మా అత్తగారు ఇంటికొచ్చాక. "నువ్వు పొద్దస్తమానం కంగారుపడి ఆ పాలు విరగ్గొడుతున్నావ్!"

నిజమే కాబోలనుకుని కంగారుపడకూడదని నెలంతా కంగారుపడ్డాను. గంజిలో ఎన్ని చెంచాలు మింగిందో, ఎన్ని ఊసేసిందో చూసుకుంటూ, బరువు చూసే రోజు కోసం పండక్కి ఎదురుచూసినట్టు ఎదురుచూశాను.

ఆ హాలే సదస్సుకి దక్కింది. ఎలా దక్కిందో వినండి.

మా ఊళ్లో ఒక మర్యాద ఉంది. గుమ్మం ముందు నుంచి ఎవరు వెళ్తున్నా "రండి, లోపలికి రండి" అనాలి. వెళ్లేవాళ్లు "మరోసారి వస్తామండీ" అని నవ్వి సాగిపోవాలి. పిలవకపోతే పొగరు. వచ్చేస్తే అంతకంటే పొగరు! మా సందు పిల్లలకి మాటలకంటే ముందు ఈ సంగతి వస్తుంది.

మా సందు పెద్ద తుకిరాన్ గారు ఆ రోజు అరుగు మీద కూర్చుని గువ్వ పంజరం కడుగుతున్నారు. సదస్సు అధ్యక్షులు ప్రొఫెసర్ హర్యోసెనో గారు ఆ దారిన వెళ్తున్నారు. ఈయనా ఈ ఊరివారే, పక్క సందులో గోళీలాడినవారే. మధ్యలో హాలెండులో చాలా ఏళ్లుండి వచ్చారు, అంతే.

"రండి సార్, లోపలికి రండి, టీ తాగి వెళ్దురుగాని," అన్నారు తుకిరాన్ గారు, పంజరం మీంచి తలెత్తకుండానే.

"వస్తున్నా," అన్నారు ప్రొఫెసర్ గారు.

వచ్చేశారు! బూట్లు విప్పి, లోపలికొచ్చి, చాప మీద బాసింపట్టు వేశారు!

తుకిరాన్ గారి భార్య తడిజుట్టుతో పెరటి దారిన మా ఇంటికి పరుగెత్తుకొచ్చారు, చేతిలో ఖాళీ పంచదార డబ్బా.

"నిజంగానే వచ్చాడే పిల్లా!" అన్నారు రొప్పుతూ. "ఇప్పుడేం చెయ్యాలే?"

"టీ ఇవ్వాలి పిన్నీ."

"అది నాకూ తెలుసులే! పిలిస్తే వచ్చినవాణ్ణి ఇంతవరకూ చూళ్లేదు, అదీ నా బాధ!"

టీ తాగుతూ ప్రొఫెసర్ గారు కిటికీలోంచి హాలు చూశారు. హాలు బాగుందన్నారు. "మీదే అనుకోండి సార్," అన్నారు తుకిరాన్ గారు. అదీ మర్యాదే. దానికి "అయ్యో, ఎంతమాట" అనాలి. ఆయన "అయితే ఈసారి సదస్సుకి వాడుకుంటాం" అన్నారు.

తుకిరాన్ గారు నవ్వారు. మా దగ్గర ‘వద్దు’ అనడానికి ఆ నవ్వుకంటే గట్టి మాట లేదు. ప్రొఫెసర్ గారు ఫోన్లో తారీకు వేసుకున్నారు.

సదస్సు పుట్టిన ఏడు ప్రొఫెసర్ గారు చదివిన మొదటి పత్రం దేని మీదనుకున్నారు? జావా మర్యాదల మీద! మావాళ్ల పిలుపు పిలుపు కాదనీ, మావాళ్ల నవ్వు ఒప్పుకోలు కాదనీ అందులో రుజువు చేశారట. ఇంగ్లీషులో రుజువు చేసిన సంగతి చాప మీద కూర్చున్నప్పుడు గుర్తుండాలని ఎక్కడుంది?

అలా సదస్సు మా హాల్లోకి గృహప్రవేశం చేసింది. మా పిల్లలు వేలాడే కొక్కేనికి పెద్ద స్పీకరు వేలాడదీశారు. మా కాటాని వెనక కొట్లో పడేసి, దాని మీద ప్రతినిధులకిచ్చే సదస్సు గుడ్డ సంచుల కట్టలు పేర్చి, తాళం వేసి, తాళంచెవి కమిటీ దగ్గర పెట్టుకున్నారు. బరువు చూసే రోజూ, సదస్సు ఆఖరి రోజూ ఒకటే అయ్యాయి. మంచిదేగా! రెండు శుభకార్యాలు ఒకే ముహూర్తాన.

ఆ పొద్దున నర్సమ్మ సంచీ భుజానేసుకుని వచ్చి, హాలు గుమ్మంలో నిలబడిపోయారు.

"కాటా ఏదీ?"

"కొట్లో ఉంది," అన్నాను. "సంచుల కింద."

"కూరగాయలమ్మే లోన్ అన్న దగ్గర తక్కెడుందిగా," అంది సుమినెమ్ అక్క. మా పక్కిల్లు ఆవిడది. ఆవిడ నోటికి సందంతా జడుస్తుంది. "వంకాయలతో పాటు వీళ్లనీ తూచేస్తాడు. పుచ్చులుంటే ఏరేస్తాడు కూడా!"

"ఎప్పుడూ చూసే కాటా మీదే చూడాలి సుమినెమ్మా," అన్నారు నర్సమ్మ. "ఒక పిసరు తేడా కోసమే కదా ఇదంతా. నాకు ఈ సందుకి నెలకి ఒక్క రోజే. ఇవాళ కాకపోతే వచ్చే నెలే."

వచ్చే నెల! సదస్సు వాయిదా పడితే విమానం టిక్కెట్లు పాడైపోతాయి. పిల్లలదేముంది? వచ్చే నెలకీ సన్నగానే ఉంటారు, ఎక్కడికీ పోరు! ఇలా నాకు నేను నచ్చచెప్పుకుంటున్నాను. వెనింగ్ నా భుజం మీద తల వాల్చింది. ఏడాది నిండబోయే పిల్ల తల అంత తేలిగ్గా ఉంటుందా?

తాళంచెవి అడుగుదామని తల్లులమంతా పిల్లల్ని చంకనేసుకుని గుమ్మంలో గుంపుగా నిలబడ్డాం. లోపల సభ మొదలైంది. విషయం గోడ మీద పెద్దక్షరాల్లో ఉంది: ‘ఇండోనేసియా శిశువుల ఎదుగుదల: అంతర్విభాగ దృక్కోణాలు’. పక్కన తెర మీద రంగుల గీతలు.

ప్రొఫెసర్ గారు మైకు దగ్గర మమ్మల్ని చూశారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"అదిగో, ఈ సందు తల్లులు! గుమ్మంలోనే నిలబడ్డారేమమ్మా? రండి, లోపలికి రండి! ఈ సదస్సు మీది, ఈ వేదిక మీది!"

హాలంతా చప్పట్లు. మేం "మరోసారి వస్తామండీ" అని నవ్వి వెనక్కి తగ్గాలి. మా అందరి నోళ్లూ ఆ మాటకి తెరుచుకున్నాయి కూడా. నా నాలిక చివరి దాకా వచ్చింది. భుజం మీద తల మళ్లీ కదిలింది.

"వస్తున్నాం సార్," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినబడింది. సుమినెమ్ అక్క నా వైపొకసారి చూసి, చెప్పులు విప్పేసింది.

"పెద్దాయన అంత నోరారా పిలిస్తే రాకపోతే ఎలా? పదండే!"

వెళ్లిపోయాం! చంకల్లో పిల్లలతో, వెనక నర్సమ్మతో, నేరుగా వేదిక ఎక్కేశాం. ప్రొఫెసర్ గారి చేతిలో మైకు చేతిలోనే ఉంది. వెళ్లిపోండి అనలేరు. ఆయనా జావా బిడ్డే కదా, ఎన్ని దేశాలు తిరిగితే మాత్రం!

"కొట్టు తాళంచెవి ఇప్పిస్తారా సార్?" అని అడిగాను.

ఆయన నవ్వారు.

"ఇదుగో, నవ్వారు, ఒప్పుకున్నట్టే," అంది సుమినెమ్ అక్క గట్టిగా, కమిటీ అమ్మాయి మెళ్లో వేలాడుతున్న తాళంచెవి అందుకుంటూ. వెనక వరసలో తుకిరాన్ గారు కూడా నవ్వారు. ఆ నవ్వు మాత్రం నేనెప్పుడూ చూడని రకం.

స్పీకరు దిగింది, కాటా ఎక్కింది. గుడ్డ లాగు మాత్రం సంచుల కట్టల కింద ఎంత వెతికినా దొరకలేదు. దొరకకపోతేనేం? సదస్సు సంచులున్నాయిగా! కొత్తవి, గట్టివి. సుమినెమ్ అక్క కత్తెరతో కింది మూలలు రెండూ కత్తిరించింది. పిల్లల కాళ్లు దూరాయి, సంచి పిడులు కొక్కేనికి పట్టాయి. ఎవరన్నారు ఆ సంచులు దేనికీ పనికిరావని? నర్సమ్మ సంచి బరువు ముందే తూచి, ముల్లు సున్నాకి తెచ్చుకున్నారు. పొట్ట మీద ‘అంతర్జాతీయ సదస్సు’ అని రాసి ఉన్న పిల్లలు ఒక్కొక్కళ్లే గాల్లోకి లేచారు.

హాల్లో ఫోన్లన్నీ పైకి లేచాయి. ఒకాయన ఇది నాటకమా అని అడిగాడు. నాట్యాలావిడ ఇది పూజావిధానమంది. దోమలాయన ఏదో రాసుకున్నాడు. అన్ని విభాగాలూ ఒకేసారి మెలకువగా ఉండటం సదస్సు చరిత్రలో అదే మొదలట!

"బాబూ, కాస్త పక్కకి జరగండి, ముల్లు కనబడట్లేదు," అన్నారు నర్సమ్మ. "ఎవరైనా లైటు వెయ్యండి."

"లైటు వేస్తే స్లైడు కనబడదండీ," అన్నారు వక్త.

"స్లైడు ఎదగదు బాబూ, లైటెయ్యండి."

లైటు వెలిగింది. తెర మీద శిశువుల ఎదుగుదల గీతలు వెలిసిపోయాయి. వెనింగ్‌ని సంచిలో కూర్చోబెట్టాను. కాళ్లు ఆడించింది, నన్ను చూసి పెదవి విరిచింది. ముల్లు ఊగి ఊగి ఆగింది.

నర్సమ్మ కళ్లద్దాలు సవరించుకుని మళ్లీ చూశారు. నేను మళ్లీ చూడలేదు. అవసరం లేకపోయింది. పోయిన నెల గీతకి ఒక వెంట్రుకవాసి కింద ఉంది.

"ఏమండీ," అన్నాను. పాపని సంచిలోంచి ఎత్తి చంకనేసుకున్నాను.

"ఇంకో నెల చూద్దామనుకోవడానికి లేదమ్మాయ్," అన్నారు నర్సమ్మ మెల్లగా, నాకొక్కదానికే వినబడేలా. "సోమవారం పొద్దున్నే ఆసుపత్రికి రా. నేను గేటు దగ్గరుంటా. ఇవాళ తూచాం, మంచి పనైంది. లేకపోతే ఇంకో నెల నాకు తెలిసేది కాదు."

అప్పుడే ముందు వరసలో కూర్చున్న సమయపాలకురాలు ఎర్ర కార్డు ఎత్తి పట్టుకుంది: ‘మీ సమయం ముగిసింది’. అది వక్తకో, నాకో, పాపకో నాకు తెలియలేదు.

ముగింపు సభలో ప్రొఫెసర్ గారు మళ్లీ వెలిగిపోయారు. ఈ ఏడు సదస్సు ఇదివరకెన్నడూ లేనంతగా ఎదిగిందనీ, శిశువుల సభకి వచ్చినంతమంది ఏ సభకీ రాలేదనీ ప్రకటించారు. ఆ లెక్కలో చంకపిల్లల్ని కూడా కలిపారని సుమినెమ్ అక్క కనిపెట్టింది. సంచి వేసుకున్న ప్రతివాళ్లూ ప్రతినిధులేనట!

అంటే ఏమిటి? సదస్సు ఎదుగుదలకి మా వెనింగ్ తనవంతు సాయం చేసింది. దాని ఎదుగుదలకి సదస్సు ఎప్పుడు సాయం చేస్తుందో అన్ని విభాగాలూ కూర్చుని ఆలోచిస్తాయి. తొందరేముంది? ఏటా వస్తూనే ఉంటుందిగా! ఈ సందులో ఏదో ఒకటి ఎదుగుతోంది, అందుకు సంతోషించాలి.

సభలయ్యాక ప్రొఫెసర్ గారు మా సందు మీదుగానే ఇంటికెళ్లారు. తుకిరాన్ గారు అరుగు మీదే ఉన్నారు. ఆయన జన్మలో మొదటిసారి, దారిన పోయే మనిషిని పిలవకుండా, పంజరంలో గువ్వని తదేకంగా చూస్తూ కూర్చున్నారు.

వెనింగ్ సంచి ఉతికి ఆరేశాను. సోమవారం ఆసుపత్రికి దాని గుడ్డలు అందులోనే పెట్టుకుంటాను. ఈ రాత్రికి దాని పిక్క పట్టుకుని నేను నిద్రపోను, అది నా సంగతి. మీరేం కంగారుపడకండి.

వచ్చే ఏడు సదస్సుకి మీరందరూ తప్పకుండా రావాలి. పిల్లాజెల్లాతో రండి, పరిశోధనలతో రండి, లోపలికే రండి. మా హాలు మీదే అనుకోండి!

ఇంతసేపూ చదివారుగా. దీనికి ఏం జవాబు చెప్పాలో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.